అంబాసిడర్, ఫియట్ : ఒక లాగ్‌బుక్కు గుమాస్తా లెక్కలు



మన ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు మొదట ఏమీ తోచలేదు. డి.ఏ. బకాయిలు, పే రివిజన్లు, మెడికల్ బిల్లుల సంగతులు ఎలాగూ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. వాటి మీద నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఇలా ఉండగా మా బావమరిది కుమారుడు ఫోను చేశాడు. "మామయ్యా, షెడ్డులో ఉన్న నాన్న ఫియట్ కారును ఆటోనగర్‌లో తుక్కు కింద ఇచ్చేద్దామనుకుంటున్నాను. అత్తయ్యతో ఒక మాట చెప్పండి" అన్నాడు. చెప్పాను. మా ఇంటావిడ ఆ పూట మరి మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో చివర మనవి చేస్తాను. ఆ రాత్రి నిద్రపట్టక లేచి కూర్చుని, నాకు తెలిసిన రెండు కార్ల సంగతి కాగితం మీద పెట్టాను. అదే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. నాకు సొంత కారు ఎన్నడూ లేదు. నేను సర్వీసులో చేరిన నాటికి మా బోటి గుమాస్తాలకు దొరికేది సైకిలు అడ్వాన్సు, పండగ అడ్వాన్సు. కారు అడ్వాన్సు పెద్ద స్కేలు వారికి. కానీ చాలా ఏళ్ళు ఆఫీసు కారు లాగ్‌బుక్కు వ్రాసినవాణ్ణి నేనే. ఏ రోజు ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎన్ని లీటర్లు తాగింది, ఎప్పుడు కమాను పట్టీ విరిగింది, ఎవరి పని మీద వెళ్ళింది అన్నీ నా చేతిరాతలో ఉండేవి. మా బావమరిదికి ఉయ్యూరు పక్కన వ్యవసాయం. ఆయనది ఫియట్. ఆఫీసులో అంబాసిడర్, అత్తవారింట ఫియట్ కావడంతో రెండింటి గుణదోషాలూ దగ్గర నుంచి చూసే అవకాశం కలిగింది.

రెండు కార్లూ ఎట్లా వచ్చాయి?

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో మొదలై, స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా దగ్గర ఉత్తరపారాకు తరలింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో బొంబాయిలో ఏర్పడి కుర్లాలో కార్ఖానా పెట్టింది. మొదట్లో ఇద్దరూ పైదేశాల నుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించేవారు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మీద కేంద్ర ప్రభుత్వం, దేశంలో కార్లు తయారుచేసే ప్రణాళిక ఉన్నవారే ఇక్కడ ఉండాలని తేల్చింది. బిగించి అమ్ముకునే పెద్ద అమెరికా కంపెనీలు సర్దుకుని వెళ్ళిపోయాయి. కార్లు చేసేవారిలో చివరకు ముగ్గురు మిగిలారు. ఉత్తరపారా వారు, కుర్లా వారు, మద్రాసులోని స్టాండర్డ్ వారు. స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు బెజవాడ వీధుల్లో అక్కడక్కడ కనిపించేవి గాని మన ప్రాంతంలో అసలు పోటీ మొదటి ఇద్దరి మధ్యనే సాగింది.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్ కారు ఇక్కడ 1954 నుంచి ల్యాండ్‌మాస్టర్ పేరుతో వచ్చింది. మూడవ సిరీస్ ఆధారంగా 1957 ప్రాంతంలో అంబాసిడర్ వచ్చింది. మొదట పాత తరహా సైడ్ వాల్వు ఇంజను ఉండేది. ఒకటి రెండేళ్ళలోనే దాని స్థానంలో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వేశారు. అటు తర్వాత మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారాయి, ముందు జల్లెడ మారింది, దీపాల తీరు మారింది. మనిషి మాత్రం అదే మనిషి.

ఫియట్ 1100 ఇటలీలో 1953లో పుట్టింది. మరుసటి ఏడాదే కుర్లాకు వచ్చింది. ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ అని పేర్లు మార్చుకుంటూ 1964 నాటికి 1100 డి అయింది. మన కళ్ళల్లో ఉన్న ఫియట్ రూపం ఇదే. ఇటలీ వారితో ఒప్పందం ముగిశాక 1970ల మొదట్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. చిత్తూరుగఢ్ రాణి పద్మిని పేరది. పేరు మారినా బెజవాడలో ఎవరూ పద్మిని అనలేదు. చివరిదాకా అది ఫియట్టే.

మన డెల్టా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా పెద్దల కాలంలో బందరు ప్రయాణమంటే కాలవ మీద పడవ. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ అనే మూడు కాలవలే ఆనాటి రోడ్లు. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమై, కృష్ణ మీద మోటారు బండ్లు అటూ ఇటూ పోయే దారి ఏర్పడింది. అంబాసిడర్ పుట్టిన ఏడూ ఇంచుమించు అదే. మన ప్రాంతంలో కారు యుగం అప్పటి నుంచే లెక్క వేసుకోవచ్చు.

కొలతలు, బలాబలాలు

ఇక లెక్కల్లోకి వస్తాను. గుమాస్తాను కనుక లెక్క లేనిదే నాకు తృప్తి ఉండదు. ఇక్కడ పెట్రోలు అంబాసిడర్‌నూ, 1100 డి-పద్మిని కోవకు చెందిన ఫియట్‌నూ తీసుకుంటున్నాను.

అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, ఫియట్ 3.9 మీటర్ల పైచిలుకు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం మొదటిదానికి 2,464 మిల్లీమీటర్లు, రెండవదానికి 2,340. వెడల్పులో అంబాసిడర్ దాదాపు జానెడు ఎక్కువ. ఎత్తు అంబాసిడర్ 1.6 మీటర్లు, ఫియట్ 1.47 మీటర్లు. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు, ఫియట్ 895 కిలోలు. అంబాసిడర్‌కు 15 అంగుళాల చక్రం, ఫియట్‌కు 14 అంగుళాల చక్రం.

ఇంజను విషయంలో రెండింటికీ నాలుగేసి సిలిండర్లు. అంబాసిడర్ సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ నడక 89. ఫియట్‌కు వ్యాసం 68, నడక 75. సిలిండరు వైశాల్యాన్ని నడకతో హెచ్చించి నాలుగింటికి లెక్కకడితే మొదటిది 1489 సి.సి., రెండవది 1089 సి.సి. వస్తుంది. మనవళ్ళు ఎనిమిదో తరగతిలో ఉంటే ఈ లెక్క చేయించి చూడండి, పాఠం బాగా గుర్తుంటుంది. నడక పొడవుగా ఉన్న ఇంజను నిదానంగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. నడక పొట్టిగా ఉన్నది చురుకుగా, వేగంగా తిరుగుతుంది. డ్రైవర్లు ఈ తేడాను ఒకటి ఎద్దు, ఇంకోటి గుర్రం అని చెప్పేవారు.

బలం చూస్తే అంబాసిడర్‌ది సుమారు 50 హార్స్ పవర్, ఫియట్‌ది సుమారు 40. ఇది చూసి అంబాసిడరే గొప్ప అని తీర్పు చెప్పేవారు ఉన్నారు. అయితే బలాన్ని బరువుతో భాగించి చూడాలి. ఖాళీ బండ్లకు ఈ లెక్క వేస్తే అంబాసిడర్‌కు టన్నుకు 45, ఫియట్‌కు కూడా ఇంచుమించు 45 హార్స్ పవర్ వస్తాయి. అంటే ఒంటరిగా పోయే యజమానికి రెండూ సమానమే. ఇప్పుడు రెండింటిలోనూ అయిదుగురు మనుషులు, సామానుతో కలిపి 400 కిలోలు వేయండి. అంబాసిడర్‌కు టన్నుకు 33 మిగులుతాయి, ఫియట్‌కు 31. బరువు పెరిగినకొద్దీ ఈ తేడా పెరుగుతూ పోతుంది. పెళ్ళివారూ, టాక్సీవారూ అంబాసిడర్‌నూ, ఊళ్ళో తిరిగే డాక్టర్లూ వకీళ్ళూ ఫియట్‌నూ ఎందుకు పట్టుకున్నారో ఈ చిన్న భాగహారంలోనే ఉంది.

రెండింటికీ గేరు కడ్డీ స్టీరింగు పక్కనే. రెండింటికీ నాలుగు గేర్లు. రెండూ వెనుక చక్రాలతో నడిచేవే. అందువల్ల ముందు సీటు బల్లలా ఉండి అక్కడ కూడా ముగ్గురు సర్దుకునేవారు. బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, గట్టిగా తొక్కాలి. ముందు చక్రాల దగ్గర అంబాసిడర్‌కు మెలితిరిగే టార్షన్ కడ్డీలు, ఫియట్‌కు చుట్టల స్ప్రింగులు. వెనుక రెండింటికీ మన ఎడ్లబండి వారికి కూడా తెలిసిన కమాను పట్టీలే. నల్లరేగడి మీద వేసిన రోడ్డు వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి అలలు అలలుగా ఉంటుంది. అటువంటి చోట పెద్ద చక్రం, బరువైన ఒళ్ళు ఉన్న అంబాసిడర్‌లో కూర్చున్నవారికి కుదుపు తక్కువ. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు వెనుక సందుల్లో మాత్రం ఫియట్ ఒక్క తిప్పుకు తిరిగేది. అంబాసిడర్ రెండుసార్లు వెనక్కూ ముందుకూ ఆడాల్సి వచ్చేది.

లాగ్‌బుక్కు ఏమి చెప్పింది?

నా లాగ్‌బుక్కు ప్రకారం మా ఆఫీసు అంబాసిడర్ లీటరుకు సగటున 9 కిలోమీటర్లు వచ్చేది. మా బావమరిది కూడా పాలలెక్క వ్రాసే పుస్తకంలోనే పెట్రోలు లెక్క వ్రాసేవాడు. ఆయన బండి 13 వచ్చేది. విజయవాడ నుంచి బందరు రానూపోనూ సుమారు 140 కిలోమీటర్లు. దానికి అంబాసిడర్ పదిహేనున్నర లీటర్లు, ఫియట్ పదకొండు లీటర్ల లోపు తాగుతాయి. ఒక్క ప్రయాణానికి దాదాపు అయిదు లీటర్ల తేడా. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చి, కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైనప్పుడు ఈ అయిదు లీటర్లు పెద్ద సంగతి అయింది. ఆఫీసుల్లో టూర్లు తగ్గించమని సర్క్యులర్లు వచ్చాయి. ఊళ్ళల్లో కార్లున్న ఆసాములు కొందరు కారు షెడ్డులో పెట్టి బస్సెక్కారు.

ఇంకో తమాషా లెక్క చెబుతాను. అంబాసిడర్ టాంకు 54 లీటర్లు, ఫియట్ టాంకు 38. పైన చెప్పిన సగటుతో హెచ్చిస్తే ఒకటి 486 కిలోమీటర్లు, ఇంకోటి 494 పోతాయి. టాంకులు నింపుకుని రెండూ హైదరాబాదు వెళ్ళి తిరిగి వస్తుంటే, ఇంచుమించు ఒకే చోట, నందిగామ చేరేలోగా, బంకు కోసం వెతుక్కోవాలి. చేసినవాళ్ళు వేరు, దేశాలు వేరు, అయినా చివరకు ఇద్దరూ మనిషిని చేర్చేది ఒక్క దూరమే.

ఆ కాలపు కార్లకు వేసవిలో ఒక బాధ ఉండేది. రోహిణీకార్తె ఎండలో పెట్రోలు పంపు వేడెక్కి, పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డు మీద ఆగేది. ఏ కంపెనీ కారుకైనా ఇది తప్పలేదు. మా డ్రైవరు గారు సీటు కింద ఒక గోనెపట్టా ముక్క, చెంబు నీళ్ళు ఉంచుకునేవారు. పంపు మీద తడిగుడ్డ వేసి, వేపచెట్టు కింద ఒక బీడీ కాల్చుకునేలోగా బండి మళ్ళీ బయలుదేరేది. ఇటువంటి విద్య ఏ పుస్తకంలోనూ లేదు. రిపేర్లకు ఆటోనగర్ ఉండనే ఉంది. 1960లలో ఊరిబయట వెలసిన ఆ పేటలో దొరకని పనివాడు, చేయలేని పని లేదు. సిలిండర్లు అరిగితే బోరింగు కొట్టి పెద్ద పిస్టన్లు వేసేవారు. అసలు సామాను దొరక్కపోతే లేతు మీద చేసి ఇచ్చేవారు. ఈ రెండు కార్లూ మన ప్రాంతంలో ముప్ఫై, నలభై ఏళ్ళు తిరిగాయంటే సగం గొప్ప ఆ మెకానిక్కులది.

కారు కొనడమన్నది ఆ రోజుల్లో డబ్బున్నా తేలిక కాదు. 1959లో వచ్చిన ఆర్డరు ప్రకారం కార్ల పంపిణీ, అమ్మకం ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. ముందు డిపాజిట్ కట్టి, వరుసలో పేరు వ్రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఫియట్ కోసం నిరీక్షణ మరీ ఎక్కువ. మా బావమరిదిది అందుకే కొత్తది కాదు. 1100 డి కారును ఒక డాక్టరు గారి దగ్గర రెండో చేతిగా కొన్నాడు.

పింఛను డబ్బుతో తీరిన కారు అప్పు

పింఛనుదార్లమైన మనం తలచుకోవలసిన ఫియట్ కారు ఒకటుంది. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానమంత్రి అయ్యాక, ఇంట్లోవారు అడగగా 1964లో ఫియట్ కారు కొనాలనుకున్నారు. ధర 12,000 రూపాయలు. ఆయన దగ్గర ఉన్నది 7,000. మిగిలిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన కన్నుమూశారు. ఆ అప్పును ఆయన సతీమణి లలితా శాస్త్రి గారు తనకు వచ్చే పింఛనులోంచి తీర్చారు. ఢిల్లీలోని శాస్త్రి స్మారక భవనంలో ఆ కారును ఉంచారు. ఆ సంగతి తెలిసిన తర్వాత ఏ ఫియట్‌ను చూసినా నాకు ఫ్యామిలీ పెన్షన్ పుస్తకం పట్టుకుని బ్యాంకు వరుసలో నిలబడ్డ మన అమ్మలు, అక్కలు గుర్తుకు వస్తారు.

ఉప్పెన నాటి మాట

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఆ పేరు వింటే ఇప్పటికీ మన వయసువారికి నోరు పెగలదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. నన్ను సహాయ కార్యక్రమాలకు డ్యూటీ వేశారు. అంబాసిడర్ మమ్మల్ని వెళ్ళగలిగినంత దూరం తీసుకువెళ్ళింది. ఆ పైన జీపు. జీపు కూడా ఆగిన చోటు నుంచి కాలినడక. బియ్యం, బట్టలు పంచిన లెక్కలు నేను వ్రాశాను. ఏ కారు గొప్పది అన్న వాదన అంతకుముందు మా ఆఫీసులో రోజూ జరిగేది. ఆ తరువాత చాలాకాలం ఎవరూ ఎత్తలేదు. డిక్కీలో ఎన్ని మూటలు పడతాయి, తిరిగివచ్చేటప్పుడు ఎంతమంది గాయపడినవారిని కూర్చోబెట్టవచ్చు అన్నవే ఆ పదిహేను రోజులూ మాకు పట్టిన లెక్కలు. మా డ్రైవరు గారు ఆ పదిహేను రోజుల్లో ఇంటికి వెళ్ళింది రెండుసార్లే. లాగ్‌బుక్కులో "సహాయ కార్యక్రమం" అన్న రెండు మాటలే ఉన్నాయి. ఆయన పడ్డ కష్టం వ్రాయడానికి అందులో గడి లేదు.

మా ఇంటి సంగతి

ఆ మరుసటి ఏడు వానాకాలంలో మా ఇంటావిడ పురిటికి ఉయ్యూరు పక్కన పుట్టింట్లో ఉంది. ఒక రాత్రి నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. మా బావమరిది ఫియట్ బయటకు తీశాడు. వెనుక సీట్లో ఆవిడ, తల పట్టుకుని మా అత్తగారు. ముందు నేను. మూడు రోజుల ముసురు. బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది, తడిసిన మట్టిదారి మీద తేలికైన బండి కనుక కూరుకుపోకుండా ఊరు దాటింది. కానీ కొంతదూరం పోయాక పంటకాలవకు గండిపడి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. మా బావమరిది దిగి, పంచె ఎగగట్టి, నీళ్ళలోకి నడిచి చూసి వచ్చాడు. "బావా, మోకాలి మీదికి వస్తోంది. నా బండి ఎత్తు చాలదు. నడుమ ఆగితే అక్కయ్య గతి ఏమిటి?" అన్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు. గడియారం చూసే ధైర్యం లేకపోయింది.

అంతలో వెనుక నుంచి దీపాలు కనిపించాయి. కట్టల పరిశీలనకు వెళ్ళి తిరిగి వస్తున్న అంబాసిడర్ అది. మా ఆఫీసుదే. లోపల మా ఆఫీసరు గారు. సంగతి విని ఆయన వానలో దిగారు. "మీరు ఎక్కండి. నేను మీ బావమరిది బండిలో వెనక్కి వెళ్ళి, రాత్రికి ఆ ఊళ్ళోనే పడుకుంటాను" అన్నారు. మా ఆవిడను వెడల్పాటి వెనుక సీటు మీద పడుకోబెట్టాము. డ్రైవరు గారు ఫాన్ బెల్టు విప్పారు, ఫాను తిరిగి నీళ్ళు ఇంజను మీద చిమ్మకుండా. మొదటి గేరులో, ఎక్కడా కాలు తీయకుండా, పడవ నడిపినట్టు నడిపారు. నీళ్ళు తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చాయి. నేను దేవుణ్ణి తలుచుకోవడం కూడా మరచిపోయి ఆయన చేతుల వంకే చూస్తున్నాను. గట్టెక్కాక ఆయన దిగి బెల్టు మళ్ళీ బిగించి, "భయం లేదు బాబూ, ఇక బెజవాడే" అన్నారు. తెల్లవారుజామున ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా దక్కారు. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు లాగ్‌బుక్కు నా ముందుకే వచ్చింది. ప్రభుత్వ వాహనాన్ని సొంతానికి వాడినట్టు వ్రాయాలా, పరిశీలన కిలోమీటర్లలో కలిపేయాలా? డ్రైవరు గారు నా వంక చూసి ఏమీ అనలేదు. నేను "ప్రైవేటు" అని వ్రాసి, ఆఫీసరు గారి అనుమతి తీసుకుని, కిలోమీటరు లెక్కన ట్రెజరీలో చలానా కట్టాను. అందుకు పండగ అడ్వాన్సు సరిపోయింది. ఆ చలానా నకలు నా సర్వీసు కాగితాల్లో ఇప్పటికీ ఉంది. నా ముప్ఫై అయిదేళ్ళ నౌకరీలో నేను కట్టిన సొమ్ముల్లో అంత సంతోషంగా కట్టినది ఇంకొకటి లేదు.

కాలం మారింది

1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిలు ఇంజను వచ్చింది. అదీ 1489 సి.సి.యే, బలం మాత్రం 37 హార్స్ పవర్. మోత ఎక్కువ, పొగ ఎక్కువ, ఖర్చు తక్కువ. మన విజయవాడ స్టేషను దగ్గరి టాక్సీలకు అది ప్రాణం పోసింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సి.సి. ఇంజను, ముందు చక్రాలతో నడక, తక్కువ పెట్రోలు. మన రెండు పాత కార్లకూ అప్పటి నుంచి వార్ధక్యం మొదలైంది. 1990లలో అంబాసిడర్‌కు ఇసుజు వారి 1800 సి.సి. ఇంజను, అయిదు గేర్లు ఇచ్చి కొంత యవ్వనం తెప్పించారు గాని ఒళ్ళు పాతదే. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయి వీధుల్లోని నలుపు-పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు ఆఖరుతో రోడ్డు దిగాయి. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే 24న నిలిచిపోయింది. అంబాసిడర్ అన్న పేరును 2017లో ఫ్రాన్సు దేశపు పూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. అదే ఏడు మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీద ఎర్రదీపాలు కూడా తీసేశారు. తెల్ల అంబాసిడర్, దాని నెత్తిన ఎర్రదీపం, పక్కన డవాలా జవాను మన పిల్లలకు ఇక బొమ్మల్లోనే.

ప్రభుత్వ వాహనాలకు పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషను చెల్లదని 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. మా ఆఫీసు అంబాసిడర్ అంతకు చాలా ముందే కండెమ్ అయి వేలంలో పోయింది. ఆ ఫైలు కూడా నేనే పుటప్ చేశాను. సొంత పాత కార్ల రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 600 ఉన్నది 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. మా మేనల్లుడు షెడ్డు ఖాళీ చేయాలనుకోవడంలో అన్యాయం ఏమీ లేదు. పాతకారు పొగ మంచిది కాదు, ఖర్చు ఊరుకోదు.

మరి తీర్పు ఏమిటని అడగవచ్చు. నలుగురిని మోయాలన్నా, చెడ్డరోడ్డు మీద పోవాలన్నా అంబాసిడర్. పొదుపుకూ, ఊళ్ళో చురుకుదనానికీ ఫియట్. ఇది లెక్కలు చెప్పే తీర్పు. మా ఆవిడను అడిగితే ఆవిడ రెండూ కావాలంటుంది. ఊరు దాటించింది ఒకటి, నీళ్ళు దాటించింది ఇంకొకటి. ఇక్కడ కార్లను పొగడడం కంటే ముఖ్యమైనది ఒకటుంది. దిగి నీళ్ళ లోతు చూసిన మా బావమరిది, వానలో దిగి సీటు ఇచ్చిన ఆఫీసరు గారు, బెల్టు విప్పాలని తెలిసిన డ్రైవరు గారు, ఆ ముగ్గురూ ఈనాడు లేరు.

మా అమ్మాయికి ఈ సంగతి ఫోనులో చెప్పాను. తను హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, బావకు నేను చెబుతాను, ఆ కారు ఖర్చు నాది" అంది. తుక్కు బేరం ప్రస్తుతానికి ఆగింది. ఇది తెలివైన పనో కాదో నేను చెప్పలేను. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు మా ఇంటావిడ ఆ కారు వెనుక సీట్లో కాసేపు కూర్చుని వచ్చింది. ఏమీ అనలేదు, ఆ పూట భోజనం మాత్రం బాగా చేసింది.

చివరగా సభ్యులకు ఒక విన్నపం. మన సంఘంలో రిటైరైన డ్రైవర్లు ఉన్నారు. వారి ఇళ్ళల్లో ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఆఫీసర్ల జ్ఞాపకాలు చాలా అచ్చయ్యాయి. బండి నడిపినవారివి అచ్చు కాలేదు. ఉప్పెన నాడు, వరదల నాడు, పుష్కరాల నాడు వారు ఏమి చూశారో వచ్చే సంచికలో వ్రాయమని కోరండి. వ్రాయలేనివారు చెబితే నేను వ్రాసిపెడతాను. చేతిరాత ఇంకా వణకడం లేదు.

సెలవు.